చేప ఉన్నా నోటికందలేదు

దక్షిణాఫ్రికా పెంగ్విన్ల గొడవ మనకెందుకు అనుకోకండి. సుడిదోమతో వేగే ప్రతి రైతూ వినాల్సిన సంగతి ఇందులో ఉంది.

పెంగ్విన్ ఎగరలేని పక్షి. ఈదుకుంటూ వెళ్లి కవళ్లు, నెత్తళ్ల జాతి చేపల్ని పట్టి తింటుంది. పిల్లలున్నప్పుడు గూడు వదిలి ఎక్కువ దూరం పోలేదు. ఆ దేశంలో పడమటి తీరాన ఉన్న డాసెన్, రోబెన్ దీవులు వాటి పాత కాపురాలు. 1990ల చివరి నుంచి కవళ్లు అగుల్హాస్ అగ్రం దాటి తూర్పుకు జరిగాయి. సముద్రం తీరు మారడం, పడమట వేట ఒత్తిడి అందుకు కారణాలని చెబుతారు. 2000 తర్వాత మొదటి ఏళ్లలో లెక్కకు కవళ్లు బాగానే ఉన్నాయి. కానీ చేప తూర్పున, గూడు పడమట! కూడు ఒక ఊళ్లో, కంచం ఇంకో ఊళ్లో అన్నట్టయింది. ఆ తర్వాత చేప కూడా తగ్గింది. 2024లో ఈ పెంగ్విన్ని అంతరించిపోయే ముప్పు అతి తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చారు.

ఇలాంటి ఎడబాటును శాస్త్రవేత్తలు ఎలా పసిగడతారు? సముద్రాన్ని మన మడుల్లాగే గళ్లుగా విడగొడతారు. సర్వే ఓడకు చేప ఎక్కడ తగిలింది, పక్షికి కట్టిన పరికరం ఎక్కడెక్కడ తిరిగింది, అక్కడ నీటి వేడి ఎంత, లోతు ఎంత అని రాసుకుంటారు. దాన్నిబట్టి, ఎవరూ వెళ్లి చూడని గడిలో కూడా చేప ఉండే అవకాశం నూటికి ఎంత, పక్షి వచ్చే అవకాశం ఎంత అని అంచనా కడతారు. రెండు పటాలూ ఒకదాని మీద ఒకటి పరిస్తే, ఎక్కడ కలిశాయో, ఎక్కడ విడిపోయాయో తెలిసిపోతుంది. అయితే కలిసిన చోటల్లా తిండి దొరికినట్టు కాదు. చేప లోతున, పక్షి పైన ఉండొచ్చు.

2025 మార్చిలో అక్కడి కోర్టు ఉత్తర్వుతో ఆరు పెంగ్విన్ స్థావరాల చుట్టూ ఆ చేపల వేటకు హద్దులు పెట్టారు. మంచిదే. కానీ మొత్తం టన్నులు చూసి ధీమాగా ఉన్న ఏళ్లు తిరిగి రావు కదా!

ఇప్పుడు మన చేలోకి రండి. సుడిదోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు పొలంలోనే ఉంటాయి. గట్టు మీద నిలబడి సాలెగూళ్లు చూసి 'ఫర్వాలేదు' అనుకుంటే, నడి మడిలో దుబ్బు మొదట్లో దోమ రసం పీల్చేస్తుంటుంది. అలాగని భయపడి చేనంతా మందు కొడితే ముందు చచ్చేది మన సాలీళ్లే. ఆపైన దోమ రెట్టింపై లేస్తుంది. అందుకే నాలుగైదు చోట్ల మడిలోకి దిగండి. దుబ్బు వంచి తట్టండి. దోమ ఎన్ని, సాలీళ్లు ఎన్ని, ఒకే చోట ఉన్నాయా అని చూసి, అప్పుడు మందు సంగతి ఆలోచించండి.

అధికారులకూ ఒక మాట. మండలానికంతా ఒకే సగటు కట్టి సలహా చెప్పకండి. సగటు వానకు ఎవరి చేనూ తడవదు. ఏ ఊళ్లో, ఏ ఆయకట్టు కింద పురుగుందో విడమరిచి చెప్పండి. ఎంత ఉందన్న లెక్క సగమే. ఎక్కడ ఉందన్నది మిగతా సగం.