ట్రాక్టరు మనదే, మరి టైరు?

దేశీ ట్రాక్టరు దొరుకుతుందా అన్న ప్రశ్న పాతబడింది. దుర్గాపూర్ ప్రభుత్వ పరిశోధనశాలలో రూపొందిన స్వరాజ్ 1974లోనే పొలాల్లోకి దిగింది. మహీంద్రా ట్రాక్టర్లు జహీరాబాద్‌లో తయారవుతున్నాయి. చిక్కంతా టైర్లు, స్పేరు పార్టుల దగ్గరే. దుక్కి అదనులో బండి ఆగిపోతే, సామానుకు విశాఖ పరుగెత్తాల్సిన రైతుకు ఏ దేశపు బండైనా ఒకటే.

మన జిల్లా అచ్యుతాపురంలో 2022 నుంచి వ్యవసాయ టైర్లు తయారవుతున్నాయి. కంపెనీ జపాన్‌ది, సరుకు ప్రధానంగా ఎగుమతులకే. నీళ్లు, నేల మాత్రం మనవి! ఆ టైరు నర్సీపట్నం దుకాణాల్లోనూ దొరకాలని మా డిమాండ్.

2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ టైర్లు, ట్యూబులపై జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. కొనేటప్పుడు బిల్లు తప్పక అడగండి. పాత ధరే వేస్తే ఆ బిల్లు యూనియన్ ఆఫీసుకు తీసుకురండి.