వినతిపత్రం: బిడ్డ ఎక్కడికెళ్తే టీకా లెక్క అక్కడికి రావాలి

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,
బిలాస్‌పూర్, ఛత్తీస్‌గఢ్.

ప్రతులు: జిల్లా టీకాల అధికారి గారికి, మెడికల్ డైరెక్టర్, కేంద్రీయ ఆసుపత్రి, ఆగ్నేయ మధ్య రైల్వే వారికి.

విషయం: రైల్వే పట్టణంలోని టీకా కేంద్రాలన్నిటా యూ-విన్ నమోదును పూర్తిగా అమలు చేయాలని వినతి.

ఆర్యా,

బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుంచి తరతరాలుగా ఉత్తరాంధ్ర కుటుంబాలు ఈ రైల్వే కాలనీల్లో బతుకుతున్నాయి. తొలి కాన్పుకు ఆడపిల్లను పుట్టింటికి తీసుకెళ్లడం మాకు నేటికీ ఆనవాయితీ. పుట్టగానే వేసే బీసీజీ, హెపటైటిస్-బి, పోలియో చుక్కలు అక్కడే పడతాయి. కొందరికి ఆరు, పది వారాల టీకాలూ అక్కడే అవుతాయి. మూడో నెలలోనో అయిదో నెలలోనో తల్లి విశాఖ–కోర్బా ఎక్స్‌ప్రెస్ ఎక్కి బిడ్డతో ఇక్కడికి వస్తుంది. చేతిలో ఉండేది తెలుగులో అచ్చయిన తల్లీబిడ్డల కార్డు. నర్సమ్మకు తెలుగు రాదు, తల్లికి హిందీ అంతంతమాత్రం. కార్డు తడిసిపోయినా, పుట్టింట్లో మరిచిపోయినా ఏ డోసు పడిందో తేల్చి చెప్పేవారుండరు. పద్నాలుగో వారం పెంటావాలెంట్ ఆలస్యం కావడానికి, తొమ్మిదో నెల ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా తప్పిపోవడానికి అది చాలు.

ఈ చిక్కు విప్పే సాధనం ప్రభుత్వం చేతిలోనే ఉంది. కొవిడ్ టీకాల నమోదుకు వాడిన కొవిన్ అనుభవంతో రూపొందిన యూ-విన్ అనే డిజిటల్ టీకా నమోదు వేదిక 2023 జనవరిలో 65 జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలై, తర్వాత దేశమంతటికీ విస్తరించింది. బిడ్డకు వేసిన ప్రతి డోసూ ఏ రాష్ట్రంలోనైనా తెరమీద కనిపించాలని, తర్వాతి టీకా తేదీ తల్లి ఫోన్‌కు చేరాలని దాని ఉద్దేశం. రిజిస్టరులో రాసుకుని ఎప్పుడో తీరిక దొరికినప్పుడు ఎక్కిస్తే ఆ ఉద్దేశం నెరవేరదు.

మరో ఇబ్బందికీ యూ-విన్‌లో మందుంది. ఎంఆర్, బీసీజీ టీకాల పొడిని ద్రావణంతో కలిపాక నాలుగు గంటల్లోపే వాడాలి, మిగిలింది పారేయాలి. ఒకరిద్దరు పిల్లలే వస్తే సీసా విప్పడానికి సిబ్బంది తటపటాయిస్తారు. ఆ పూట కూలి వదులుకుని వచ్చిన తల్లిని మళ్లీ రమ్మంటే ఆమె ఎలా రాగలదు? పేర్లు ముందే నమోదైతే ఏ రోజు ఎందరొస్తారో తెలిసి, పిల్లలందరినీ ఒకే రోజుకు పిలవవచ్చు.

అందుకే మా కోరికలు ఇవి:

1. జిల్లా ఆరోగ్య కేంద్రాల్లోనూ రైల్వే ఆసుపత్రి, హెల్త్ యూనిట్లలోనూ వేసే ప్రతి టీకానూ అదే రోజు యూ-విన్‌లో ఎక్కించాలి. రైల్వే ఆసుపత్రుల సొంత కంప్యూటర్ వ్యవస్థ హెచ్‌ఎంఐఎస్‌లో నమోదుతో సరిపెట్టకూడదు.

2. రైల్వే వైద్య గుర్తింపు కార్డు అయిన ఉమీద్ కార్డు ఉన్నా లేకున్నా రైల్వే కేంద్రాల్లో టీకా వేయాలి. ఉద్యోగి బిడ్డకూ, అదే పట్టాల మీద పనిచేసే కాంట్రాక్టు కూలీ బిడ్డకూ తేడా ఉండరాదు.

3. వేరే రాష్ట్రంలో పుట్టిన బిడ్డను కొత్తగా నమోదు చేసే ముందు ఫోన్ నంబరుతో పాత వివరాలు వెతకాలి. కాగితం కార్డు మాత్రమే ఉంటే అందులోని డోసులన్నీ ఎక్కించాలి.

4. గుర్తుచేసే సందేశాలు హిందీతో పాటు తెలుగు, ఒడియా, బెంగాలీల్లో పంపాలి. చదవలేని తల్లుల జాబితా స్థానిక ఆరోగ్య కార్యకర్త మితానిన్ దీదీకి అందాలి.

5. టీకా నిల్వలనూ ఫ్రిజ్‌లో 2–8 డిగ్రీల చల్లదనాన్నీ గమనించే ఈ-విన్ ఆధారంగా, మర్నాడు దొరికే టీకాల వివరం ముందురోజు సాయంత్రమే కేంద్రం బయట రాసిపెట్టాలి.

6. ఫోన్ లేదని, ఓటీపీ రాలేదని, సర్వర్ పడిపోయిందని ఏ బిడ్డనూ వెనక్కి పంపకూడదు. ముందు టీకా వేయాలి, కార్డుమీద రాయాలి, ఆ తర్వాత కంప్యూటర్‌లో ఎక్కించాలి.

7. తల్లీబిడ్డల వివరాలను ఆరోగ్య సేవలకు తప్ప మరి దేనికీ వాడరాదు.

మా వంతు సాయానికి మేం సిద్ధం. తెలుగు, హిందీ రెండూ వచ్చిన మా యువతీయువకులు టీకా రోజుల్లో కేంద్రాల్లో కూర్చుని కార్డులు చదివి చెబుతారు. నెల రోజుల్లోగా జిల్లా, రైల్వే వైద్యాధికారులను ఒకచోట కూర్చోబెట్టి, మా ప్రతినిధులను కూడా పిలిచి, ఏ కోరిక ఎప్పటిలోగా తీరుతుందో రాతపూర్వకంగా తెలియజేయాలని ప్రార్థిస్తున్నాం. హిందీ ప్రతి జతచేశాం.

ఇట్లు,
బిలాస్‌పూర్ రైల్వే పట్టణ తెలుగు కుటుంబాల తల్లిదండ్రులు
(సంతకాలు జతచేయబడినవి)