పడుకుంది... పారేయకండి!

నర్సరీ నుంచి తెచ్చినప్పుడు ఊదారంగు ఆకులతో కుండీ నిండుగా ఉంటుంది. వచ్చినవాళ్ళంతా 'ఇదేం మొక్కండీ?' అని అడక్కమానరు. తీరా ఎండలు ముదిరేసరికి ఒక్కో ఆకూ వాలిపోతుంది. కాడలు మెత్తబడి పడిపోతాయి. దాహమేస్తోందేమోనని కంగారుపడి ఇంకో చెంబుడు నీళ్ళు పోస్తారు. కొన్నాళ్ళకి కుండీలో మట్టి తప్ప ఏమీ కనిపించదు. 'మా ఇంట్లో మొక్కలు బతకవు' అనుకుంటూ మట్టితో సహా పారబోస్తారు. పాపం, చాలాసార్లు అప్పటికి ఆ మొక్క బతికే ఉంటుంది! మట్టి కింద నిద్రపోతుంటుంది, అంతే.

దాని పేరు ఆక్సాలిస్ ట్రయాంగ్యులారిస్. నర్సరీల్లో పర్పుల్ షామ్‌రాక్ అని కూడా అంటారు. పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని బ్రెజిల్, దాని పొరుగు దేశాలు. అంత దూరం నుంచి వచ్చినా మనకి మరీ కొత్త చుట్టమేం కాదు. పొలం గట్ల మీద, ఇటుకల సందుల్లో, తడి ఉన్నచోటల్లా పసుపు పూలతో పాకే పులిచింత దీనికి దగ్గరి బంధువే. పులిచింతాకు నమిలితే నాలుక జివ్వుమంటుంది కదా, ఆ పులుపే ఈ జాతికి పేరు తెచ్చింది. గ్రీకులో పులుపుని చెప్పే మాట నుంచే ఆక్సాలిస్ అన్న పేరు పుట్టింది.

ఒక్కో కాడకీ మూడేసి ఆకులు, సీతాకోకచిలుక రెక్కల్లా ఉంటాయి. సందెవేళ అయ్యేసరికి మూడూ మూసిన గొడుగులా కిందికి ముడుచుకుంటాయి. తెల్లారితే మళ్ళీ విచ్చుకుంటాయి. అత్తిపత్తి ముట్టుకుంటే ముడుచుకుంటుంది. ఇది వెలుతురు తగ్గితే ముడుచుకుంటుంది. ఆకు మొదట్లో ఉండే చిన్న బుడిపెలోని కణాల్లో నీటి ఒత్తిడి పెరగడం, తగ్గడమే ఇందులోని కిటుకు. చార్లెస్ డార్విన్ అంతటివాడు ఆక్సాలిస్ జాతి మొక్కల ఆకుల్ని రాత్రిపూట ముడుచుకోనివ్వకుండా పిన్నులతో బిగించి, ఆరుబయట చలిలో పెట్టి చూశాడు. స్వేచ్ఛగా ముడుచుకున్న ఆకుల కంటే వాటికే చలిదెబ్బ ఎక్కువ తగిలింది. 1880లో అచ్చయిన మొక్కల కదలికల పుస్తకంలో ఆ సంగతంతా రాశాడు. పిల్లలున్న ఇంట్లో ఈ కుండీ ఉంటే సాయంత్రం కాసేపు టీవీ కట్టేసి చూపించవచ్చు.

పెంచడం కష్టమేమీ కాదు. తూర్పు కిటికీ దగ్గర పెడితే చాలు. మధ్యాహ్నపు ఎండ నేరుగా తగిలితే ఆకులు మాడతాయి. మరీ చీకటి మూలలో పెడితే కాడలు సన్నగా సాగి ఒరిగిపోతాయి. ఎర్రమట్టి, ఇసుక, వర్మికంపోస్టు కలిపిన గుల్ల మట్టి బాగుంటుంది. కుండీకి అడుగున చిల్లు తప్పనిసరి. వేలితో చూసి పైన అంగుళం మేర మట్టి ఆరితేనే నీళ్ళు పోయాలి. రోజూ పొద్దున్నే అలవాటుగా పోస్తే దుంపలు కుళ్ళిపోతాయి.

అసలు విషయం ఆ దుంపల్లోనే ఉంది. పొలుసులు కప్పుకుని, చూడ్డానికి పిప్పళ్ళలా ఉంటాయవి. ఈ మొక్కకి 15 నుంచి 25 డిగ్రీల చలువ ఇష్టం. ఎండ ముదిరితే ఆకులు వదిలేసి ప్రాణమంతా దుంపల్లో దాచుకుంటుంది. అప్పుడు చేయాల్సింది నీళ్ళు ఆపేయడమే. ఎండిన కాడల్ని కత్తిరించి, కుండీని నీడపట్టున చల్లగా ఉండేచోట వదిలేయాలి. నెలో, రెండు నెలలో ఓపిక పట్టాలి. అనుమానంగా ఉంటే మట్టిని కాస్త తవ్వి ఒక దుంపని నొక్కి చూడండి. గట్టిగా ఉంటే బతికున్నట్టే. మెత్తగా చితికితే మాత్రం కుళ్ళినట్టు. కొత్త మొలకలు కనిపించాక మళ్ళీ కొద్దికొద్దిగా నీళ్ళు మొదలుపెట్టి, కుండీని వెలుతురులోకి తేవాలి.

దుంపలు విడదీయడానికీ ఈ నిద్ర సమయమే మంచిది. ఆరంగుళాల కుండీలో ఆరేడు దుంపల్ని అంగుళం లోతున పెడితే గుబురుగా వస్తుంది. మిగిలినవి పక్కింటివాళ్ళకి ఇవ్వొచ్చు, ఇచ్చేటప్పుడు నిద్ర సంగతి కూడా చెప్పి మరీ! ఆకుల అడుగున నారింజరంగు పొడి కనిపిస్తే అది తుప్పు తెగులు. ఆ ఆకుల్ని వెంటనే తుంచి దూరంగా పారేయాలి.

ఒక్క జాగ్రత్త. పులిచింతాకుతో పప్పు, పచ్చడి చేసుకునే ఇళ్ళున్నాయి కదా అని దీన్ని కూడా కూరలో వేయకండి. ఆకుల నిండా ఆక్సాలిక్ ఆమ్లం ఉంటుంది. మూత్రపిండాల్లో రాళ్ళున్నవాళ్ళు అసలు నోట పెట్టకూడదు. పిల్లులకీ కుక్కలకీ ఎక్కువగా తింటే ప్రమాదమే. పెంపుడు జంతువులుంటే కుండీని అందనంత ఎత్తులో పెట్టాలి.

ఇక కుండీలో పిలవకుండానే పులిచింత మొలుస్తుంటుంది. కాయలు పండితే చిటుక్కున పేలి గింజల్ని చుట్టూ చిమ్ముతాయి, ఆనక పక్క కుండీలన్నీ దానివే. అందుకే కాయ పట్టకముందే పీకేయాలి. పెరటి మూల ఎక్కడో ఉన్న పులిచింత జోలికి మాత్రం పోనక్కర్లేదు. వేలిగోరంత ఉండి నేల మీదుగా ఎగిరే నీలి సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టేది ఆ ఆకుల మీదే.