అద్దం మీది ఆవిరి ఎక్కడిది?

ఉడికే అన్నం గిన్నె మీద మూత తీసి చూడండి. లోపలంతా నీటిబొట్లే! ఆ నీళ్లు మూతలోంచి పుట్టలేదని, కింద ఉడుకుతున్న అన్నంలోంచి వచ్చాయని మనలో ఎవరికి తెలీదు? ఇంత చిన్న సంగతి మా పాత పికప్ బండి విషయంలో మాకెవ్వరికీ తట్టలేదు. తట్టేలోగా ఒకరి ప్రాణం మీదికి వచ్చింది.

మాది మదనపల్లె దగ్గర పల్లెటూరు. మావారు తెల్లవారుజామున నాలుగు గంటలకే టమోటాలు వేసుకుని మార్కెట్టుకి బయల్దేరతారు. చలికాలం వస్తే బండి అద్దాలకి లోపలివైపు ఒకటే ఆవిరి. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో తువ్వాలు! తుడిచిన రెండు నిమిషాలకి మళ్లీ మసక. “చలికాలం కదే, మామూలే” అనేవారు. ఒకరోజు పాలక్యాన్లు కట్టుకుని సైకిలు మీద పోతున్న పెద్దాయన మరీ దగ్గరకి వచ్చేదాకా కనపళ్లేదట. బ్రేకు పడింది గనక సరిపోయింది. ఇంటికొచ్చి కాఫీ గ్లాసు పట్టుకుంటే ఆయన చెయ్యి వణుకుతోంది. ఇక నేను ఊరుకోలేదు.

మెకానిక్కుని పిలిపించాం. హీటరు వేయగానే మసక ఇంకా ఎక్కువైంది. “లోపల హీటరు కారుతోందక్కా, మార్చాలి. నాలుగు వేలవుతుంది” అన్నాడు. నాలుగు వేలంటే మాటలా? “రెండు మూడు రోజులు ఆగు నాయనా” అని పంపేశాను. “బండి సంగతి నీకేం తెలుసు?” అన్నారు మావారు. బండి సంగతి తెలీదు గానీ, తడి సంగతి మనకి తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది చెప్పండి?

మొదట చూసిందేమిటంటే, తెల్లారి బండి ఎక్కకముందే అద్దాలు లోపల తడిగా ఉన్నాయి. రాత్రంతా అందులో మనిషి లేడు. అంటే ఇది ఊపిరి వల్ల వచ్చిన ఆవిరి కాదు. బండి లోపలే ఎక్కడో నీళ్లున్నాయి.

రెండోది, కాళ్ల కింద రబ్బరు మ్యాట్ ఎత్తాను. పైన పొడిగానే ఉంది. దాని కింద స్పాంజి నొక్కితే నీళ్లు ఊరాయి! ఉతకని మసిగుడ్డ వాసన. ఇక్కడే ఒక తేడా గమనించాలి. హీటరు కారితే వచ్చేది మామూలు నీళ్లు కాదు, ఇంజన్ని చల్లబరిచే కూలెంట్. అది తియ్యటి వాసన వేస్తుంది, వేళ్లకి జిడ్డుగా తగులుతుంది, అద్దం మీద తుడిచినా పోని జిడ్డుపొర వదుల్తుంది. మా బండిలో అవేవీ లేవు.

అయినా అనుమానం తీరాలి కదా! ఇంజను చల్లగా ఉన్నప్పుడు బానెట్ తీయించి, కూలెంట్ డబ్బా మీద ఎంతవరకు ఉందో అక్కడ ఒక స్టిక్కర్ బొట్టు అంటించాను. మూడు రోజులు రోజూ చల్లటి ఇంజను మీదే చూశాం. బొట్టు దగ్గరే ఉంది, చుక్క తగ్గలేదు. హీటరు తప్పేం లేదు. మరి వేడికి మసక ఎందుకు ఎక్కువైందంటారా? కింద స్పాంజిలోని నీళ్లు ఆ వేడికి ఆవిరై పైకొచ్చి, చల్లటి అద్దానికి పట్టాయి. అచ్చం అన్నం గిన్నె మూతే!

మరి నీళ్లు ఎటునుంచి వచ్చాయి? మా అబ్బాయిని టార్చిలైటుతో లోపల కూర్చోబెట్టి, నేను బయట చెంబుతో నీళ్లు పోశాను. కిందినుంచి మొదలుపెట్టి పైకి పోవాలి, అప్పుడే ఎక్కడ కారుతోందో తెలుస్తుంది. తలుపు రబ్బర్ల దగ్గర పోశాను, ఏమీ లేదు. వైపర్ల కింద జాలీ దగ్గర పోయగానే “అమ్మా, డాష్‌బోర్డు కిందనుంచి కారుతోంది!” అని కేకేశాడు. జాలీ తీస్తే గుప్పెళ్లకొద్దీ కుళ్లిన చింతాకు. నీళ్లు కిందికి పోయే కంత పూడుకుపోయి, నిండిన నీళ్లు గాలి వచ్చే దారిలోంచి లోపలికి దిగుతున్నాయి.

చింతచెట్టు కింద నీడకి పెట్టమన్నది ఎవరు? నేనే. శుక్రవారం శుక్రవారం పైపు పెట్టి బండి కడిగేది ఎవరు? అదీ నేనే! మావారు నవ్వారు గానీ ఏమీ అనలేదు.

ఆకు తీసి, సన్నటి పైపు ముక్కతో కంత పొడిచాం. నీళ్లు భళ్లున నేల మీదికి పోయాయి. స్పాంజి పీకి మూడు రోజులు ఎండలో వేశాం. రోజూ వెలిగించే అగరుబత్తి పొగకి అద్దం లోపల పొర కట్టింది. అలాంటి మురికికి ఆవిరి ఇంకా బాగా పడుతుంది. సబ్బునీళ్లతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టాను. ఆ చలికాలమంతా మళ్లీ తువ్వాలు అవసరం పడలేదు.

మీ ఇంట్లోనూ పాత బండి ఉంటే ఇవి గుర్తుంచుకోండి.

వేలితో గీయండి. గీత లోపల పడితే తడి లోపలుంది. బయట పడితే వైపరు చాలు. వానాకాలం ఏసీకి అద్దం చల్లబడినా బయటివైపు మసక పడుతుంది.

ఏసీ ఉన్న బండైతే, అది నడిచేటప్పుడు కింద నీళ్లు కారడం మంచిదే. ఉక్కపోత రోజున కూడా కారకుండా, లోపల కాళ్ల దగ్గర తడి కనిపిస్తే ఆ నీటి గొట్టం పూడిందేమో చూపించండి.

తడి గోతాలు, గొడుగులు ముందు సీటు దగ్గర పెట్టకండి. మసక పడితే బయటి గాలి వచ్చేలా మీట తిప్పి, అద్దాలు రెండు వేళ్లంత దించండి. అప్పటికీ దారి కనపడకపోతే బండి పక్కకి ఆపి తుడుచుకోవాలి, నడుపుతూ కాదు.

తియ్యటి వాసన వస్తే మాత్రం ఆలస్యం చేయక మెకానిక్కుకి చూపించండి. కూలెంట్ విషం, పిల్లల చేతికి అందనివ్వకండి. ఇంజను వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయకండి.

తుడవడం ఆ పూటకే. నీళ్లెక్కడివో వెతికితేనే అసలు మందు. ఆ పాలక్యాన్ల పెద్దాయన ఇప్పటికీ అదే దారిన పోతుంటాడట. మావారు దూరం నుంచే చూసి హారన్ కొడతారు.