వెనక వరుసకు వినపడుతోందా?

1921 జనవరి 2, ఆదివారం సాయంత్రం. అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో కాల్వరీ ఎపిస్కోపల్ చర్చి. కేడీకేఏ రేడియో స్టేషన్ పుట్టి అప్పటికి రెండు నెలలు. రేడియో నడిపే వెస్టింగ్‌హౌస్ కంపెనీలో ఇంజనీరొకాయన ఆ చర్చి గాయక బృందంలో పాడేవాడు. ఆ పరిచయంతోనే సాయంకాల ఆరాధనను రేడియోలో వినిపించే ఏర్పాటు కుదిరింది. పెద్ద పాస్టరుగారికి ఈ కొత్త వింత మీద అంత గురి లేదు. బాధ్యత సహాయ పాస్టరుకు అప్పగించారు. మైకుల సంగతి చూసే ఇద్దరు సాంకేతిక సిబ్బందికి గాయకుల అంగీలు తొడిగి బృందంలో కలిపేశారు. ప్రార్థనకు వచ్చినవాళ్ల చూపు వాళ్ల మీదికి పోకూడదని ఆ జాగ్రత్త. చర్చి ఆరాధన రేడియోకెక్కడం అదే మొదలంటారు.

నూరేళ్లు దాటాయి. తెలుగునాట ఓ మోస్తరు పట్టణంలోని పెద్ద సంఘానికి ఆదివారం వెళ్తే ఆ జాగ్రత్త తిరగబడినట్టు కనిపిస్తుంది. కెమెరా పట్టుకున్న కుర్రాడు ప్రభువు బల్ల ముందునుంచే అటూ ఇటూ తిరుగుతుంటాడు. వాక్యం మధ్యలో పాస్టరుగారు లెన్సు వైపు తిరిగి లైవ్‌లో చూస్తున్నవారిని పలకరిస్తారు. వెనక ఎల్ఈడీ గోడ మీద మేఘాలు కదులుతుంటాయి. ఆ వెలుగు ముందు నిలబడ్డ మనిషి ముఖం మసకేస్తుంది. చిట్టచివరి వరుసలో కూర్చున్న పెద్దావిడ పక్కమ్మాయిని మోచేత్తో పొడిచి, ఏ అధ్యాయమో చెప్పమంటుంది.

సంఘాలు యంత్రాలు కొనడం తప్పేమీ కాదు. కొనే వరసలోనే ఇబ్బంది ఉంది. వేదిక మీద ఉన్నవారికి కావలసినవి ముందు వస్తున్నాయి. వినలేనివారు, చదవలేనివారు, మందిరానికి రాలేనివారు కమిటీ చర్చలోకి ఆఖర్న వస్తున్నారు, ఒక్కోసారి అసలే రావడం లేదు.

తెలుగు క్రైస్తవుల చరిత్రలో ఈ వరస ఎప్పుడూ ఇలాగే లేదు. 1978 డిసెంబరులో ‘కరుణామయుడు’ విడుదలైంది. దర్శకుడు ఎ.భీమ్‌సింగ్, క్రీస్తుగా విజయచందర్. హాళ్లలో ఆడినన్నాళ్లు ఆడాక ఆ సినిమా రెండో బతుకు మొదలుపెట్టింది. సువార్త బృందాలు ప్రొజెక్టరు, జనరేటరు, తెర బండిలో వేసుకుని ఊరూరా తిప్పాయి. హిందీలో ‘దయాసాగర్’గా ఉత్తరాది పల్లెలకూ వెళ్లింది. ఆ తెర ముందు నేల మీద కూర్చున్నవారిలో బైబిల్ చదవగలిగినవారు కొద్దిమందే. వాళ్ల కోసమే అంత బరువూ మోశారు.

ఇప్పుడు పరికరం తేలికైంది. అమెరికాలోని ఓక్లహోమాలో లైఫ్ చర్చ్ అనే సంఘం 2008 జులైలో యూవెర్షన్ బైబిల్ యాప్‌ను తెచ్చింది. ఐఫోన్ యాప్ స్టోర్ తలుపులు తెరిచిన నెల అదే. 2021 నాటికి దాన్ని ఎక్కించుకున్న పరికరాలు 50 కోట్లు దాటాయి. తెలుగు బైబిలూ అందులో ఉంది. చదువు రానివారి కోసం ఫెయిత్ కమ్స్ బై హియరింగ్ అనే సంస్థ బైబిల్‌ను చదివించి రికార్డు చేస్తోంది. సూర్యరశ్మితోనూ, చేత్తో తిప్పే పిడితోనూ నడిచే వినికిడి పెట్టెను కూడా తయారుచేసింది. కరెంటు సరిగా లేని గూడెంలో పదిమందిని కూర్చోబెట్టి ఓ సువార్త మొత్తం వినిపించడానికి అలాంటి పెట్టె ఒక్కటి చాలు.

ఇక మందిరం లోపలి మాట. మొట్టమొదట చూడవలసింది ధ్వని. తెలుగు సంఘాల మిక్సర్ మీద అన్నిటికంటే ఎక్కువ అరిగిన మీట ఎకో. అది పెంచితే గొంతుకు గాంభీర్యం వస్తుందని ఒక నమ్మకం. రేకుల కప్పు, సిమెంటు గోడలు ఉన్న హాల్లో శబ్దం ముందే నాలుగు వైపులా తగిలి వెనక్కి వస్తుంటుంది. దానికి ఎకో తోడైతే మాట మీద మాట పడి పేతురు ఎవరో, పౌలు ఎవరో తేలదు. స్పీకర్లు ఇంకా పెంచితే గోలే పెరుగుతుంది. కిటికీలకు మందపాటి తెరలు, గోడలకు శబ్దం పీల్చే పలకలు, ముందు రెండు పెద్ద స్పీకర్లకు బదులు హాలు పొడవునా చిన్నవి, వాక్యం చెప్పేటప్పుడు ఎకో పూర్తిగా బంద్. ఇదంతా ఎల్ఈడీ గోడ ఖర్చులో చిన్న భాగం.

మందిరం దాటి బయటికి వెళ్లే శబ్దం విషయంలో సుప్రీంకోర్టు తీర్పే ఉంది. చెన్నైలోని కేకేఆర్ మెజెస్టిక్ కాలనీవాసులు పక్కనున్న చర్చ్ ఆఫ్ గాడ్ (ఫుల్ గాస్పెల్) డ్రమ్ముల, లౌడ్‌స్పీకర్ల హోరు భరించలేక కోర్టుకెక్కారు. వ్యవహారం ఢిల్లీ దాకా వెళ్లింది. ఇరుగుపొరుగు ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థించమని, మైకులు పెట్టి డప్పులు మోగించమని ఏ మతమూ చెప్పదని 2000 ఆగస్టు 30న ధర్మాసనం తేల్చింది. అదే ఏడాది వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు మించకూడదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్ కూడదు. ఏడాదికి పదిహేను రోజులకు మించకుండా, అర్ధరాత్రి వరకు, రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. రాత్రంతా సాగే ఉపవాస ప్రార్థన కూటాలున్న సంఘాలకు ఈ నియమం కంఠతా రావాలి. శబ్దాన్ని కొలిచే యాప్ ఉచితంగానే దొరుకుతుంది, దాని లెక్క ఉజ్జాయింపుదే అయినా. ఆరాధన జరుగుతుండగా సంఘ పెద్ద ఒకరు ఫోను పట్టుకుని ప్రహరీ బయట నిలబడితే పొరుగింటికి ఏం వినపడుతోందో తెలిసిపోతుంది.

చెవి మిషను పెట్టుకున్నవారికి మరో సౌకర్యం ఉంది. హాలు చుట్టూ ఒక తీగ పరిచి మైకు ధ్వనిని అయస్కాంత తరంగాలుగా మార్చి పంపుతారు. ‘టీ-కాయిల్’ ఉన్న చెవి మిషను దాన్ని నేరుగా అందుకుంటుంది. పక్కవాళ్ల దగ్గులు, ఫ్యాన్ల రొద మధ్యలో దూరవు. బ్రిటన్ చర్చిల్లో ఇది మామూలు ఏర్పాటు. తెలుగు సంఘాల్లో ఇలాంటిది ఒకటుందని తెలిసినవారే తక్కువ.

తర్వాత తెర మీది పాట. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం చంకన పెట్టుకుని గుడికి వెళ్లిన తరం తగ్గిపోతోంది. పాటలన్నీ ప్రొజెక్టరుకెక్కాయి. కానీ తెలుగు సంఘాలకు ఇక్కడో ప్రత్యేకమైన తలనొప్పి. ఇరవై, ముప్పై ఏళ్లుగా డీటీపీ సెంటర్లలో టైపు చేయించిన పాటలు చాలావరకు ‘అను’ ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతలే కనిపిస్తాయి. వెతుకుదామంటే దొరకవు, ఫోనుకు పంపుదామంటే కుదరదు. వాటిని ఒక్కసారి యూనికోడ్‌లోకి మార్చుకుని, ఒత్తులూ గుణింతాలూ సరిచూసుకుంటే ఆ పాటలు ప్రొజెక్టరుకూ, ఫోనుకూ, చూపులేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకూ పనికొస్తాయి. తెర మీద చూపడానికి ఓపెన్‌ఎల్పీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉండనే ఉన్నాయి.

మార్చిన ఫైళ్లు రెండు మూడు చోట్ల దాచుకోవాలి. 1812 మార్చి 11న బెంగాల్‌లోని శ్రీరాంపూర్ మిషన్ ముద్రణశాల తగలబడింది. విలియం కేరీ, సహచరులు ఏళ్ల తరబడి రాసిన అనువాద ప్రతులు, భారతీయ భాషల అచ్చు అక్షరాలు బూడిదయ్యాయి. అక్షరాలు పోతపోసే మూసలు మాత్రం శిథిలాల్లో దొరికాయి. వాటితో కొద్ది నెలల్లోనే మళ్లీ పని మొదలైంది. తెలుగు కొత్త నిబంధన 1818లో ఆ ముద్రణశాల నుంచే వచ్చింది. నేడు చాలా సంఘాల పాటలన్నీ కీబోర్డు వాయించే కుర్రాడి ల్యాప్‌టాప్‌లో ఉంటున్నాయి. ఆ అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం వస్తే, వాటితోపాటే రైలెక్కుతాయి.

మందిరం బయటివారి సంగతికొద్దాం. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక ఆ ఏడాది ఈస్టరు ఏప్రిల్ 12న మూసిన తలుపుల మధ్యే గడిచింది. జూన్ 8 దాకా ప్రార్థనా స్థలాలు తెరుచుకోలేదు. అంతకుముందు ఫోను సైలెంటులో పెట్టమన్న పాస్టర్లే ఫోను స్టాండు ముందు నిలబడి వాక్యం చెప్పారు. ఇళ్లలోనే రొట్టె, ద్రాక్షరసం సిద్ధం చేసుకుని లైవ్ చూస్తూ ప్రభు భోజనం తీసుకోమన్న సంఘాలున్నాయి. కూడదన్నవీ ఉన్నాయి. ఇంటర్నెట్‌లో సంస్కారాలు ఉండవని వాటికన్ 2002లోనే ఒక పత్రంలో స్పష్టం చేసింది. ఆ చర్చ వేదాంతులకు వదిలేయవచ్చు.

చర్చ అక్కర్లేని విషయం ఒకటుంది. అదే రోజుల్లో, ఏప్రిల్ 26న, చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ ‘డైలీ హోప్’ పేరిట ఒక ఉచిత ఫోను నంబరు ప్రారంభించింది. ఇంటర్నెట్ లేని వృద్ధులు మామూలు ల్యాండ్‌లైన్ నుంచి ఫోన్ చేసి కీర్తనలు, ప్రార్థనలు వినే ఏర్పాటది. మొదటి 48 గంటల్లో 6,000కు పైగా కాల్స్ వచ్చాయి. కెమెరా లేదు, తెర లేదు, యాప్ లేదు. బటన్ల ఫోనులో మాట్లాడే తాతలు, అమ్మమ్మలు ఇంకా ఎందరో ఉన్న తెలుగు పల్లెల్లో ఇలాంటి రికార్డు చేసిన వాక్యం లైను ఎల్ఈడీ గోడ కంటే దూరం వెళ్తుంది.

లైవ్‌కూ విలువ ఉంది, దాన్ని ఎవరి కోసం పెడుతున్నారో తెలిస్తే. గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి కువైట్‌కు ఇంటి పనికి వెళ్లిన ఆడవాళ్లలో చాలామందికి సెలవు రోజు యజమాని దయ. అక్కడ తెలుగు సంఘాలున్నా గడప దాటలేనివారికి సొంతూరి పాస్టరుగారి గొంతు ఫోనులోనే దొరుకుతుంది. అలాంటి ఒకామె వంట ముగించుకుని రాత్రి ఏ పదకొండుకో ఫోను తెరుస్తుంది. ఆమెకు మూడు గంటల లైవ్ దేనికి? ఇరవై నిమిషాల వాక్యం విడిగా, డేటా తక్కువ తినే ఆడియోగా పంపితే వింటుంది. తర్వాత ఎవరైనా ఆమెకు తిరిగి ఫోన్ చేయాలి. వీక్షకుల సంఖ్య చూసి సంతోషపడే సంఘానికి ఆ రెండో పని గుర్తుండదు.

డబ్బు విషయంలో మరో జాగ్రత్త. 2016లో యూపీఐ వచ్చాక కానుకల పెట్టె పక్కన క్యూఆర్ కోడ్ మామూలైంది. లెక్క స్పష్టంగా ఉంటుంది, మంచిదే. అది పాస్టరుగారి సొంత ఖాతాది కాకుండా సంఘం ఖాతాది కావాలి. అదే కోడ్ యూట్యూబ్ లైవ్‌లో తెర మూల నిలబడ్డాక కథ మారుతుంది. డాలస్‌లో ఉన్న తెలుగువాడు భారత పౌరుడైతే, తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపింది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న వాళ్ల అన్నయ్య పంపితే వస్తుంది. విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉన్న సంస్థే దాన్ని తీసుకోవాలి. 2020 సవరణ తర్వాత అదీ ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ప్రత్యేక ఖాతాలోనే పడాలి. ఇద్దరూ ఒకే ఊరివారు, ఒకే సంఘంలో బాప్తిస్మం పొందినవారు. చట్టం మాత్రం పాస్‌పోర్టు చూస్తుంది. తెర మీద కోడ్ పెట్టేవారు ఈ తేడా కూడా అక్కడే రాయాలి.

డబ్బు కంటే సున్నితమైనవి ప్రార్థన మనవులు. ఫలానా సహోదరికి గర్భసంచిలో గడ్డ, ఫలానావారి అబ్బాయి తాగుడు మానాలి, ఫలానా కుటుంబంలో విడాకుల గొడవ. ఒకప్పుడు ఇవి పాస్టరమ్మగారి చెవిన పడి అక్కడే ఉండేవి. ఇప్పుడు వందలమంది ఉన్న వాట్సాప్ గ్రూపులో పేరు, ఒక్కోసారి స్కానింగ్ రిపోర్టు సహా ఎక్కుతున్నాయి. సండే స్కూల్ పిల్లల ఫోటోలదీ అదే దారి. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం చేసింది. పద్దెనిమిదేళ్ల లోపువారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలని అందులో ఉంది. చట్టం వర్తించే తీరు వకీళ్లు చూసుకుంటారు. పేరు చెప్పకుండా ప్రార్థించమంటే మాత్రం దేవుడికి అర్థం కాదా?

చివరిగా కృత్రిమ మేధ. 2023 జూన్‌లో జర్మనీలోని ఫ్యూర్త్ పట్టణంలో సెయింట్ పాల్ చర్చిలో దాదాపు అంతా చాట్‌జీపీటీ రాసిన ఆరాధన ఒకటి జరిగింది. మూడువందల మందికి పైగా వచ్చారు. తెర మీద బొమ్మ మనుషులు నలభై నిమిషాలు నడిపించారు. ముఖంలో ఏ భావమూ లేకుండా చెబుతుంటే కొందరు నవ్వుకున్నారు, ప్రభువు ప్రార్థనలో గొంతు కలపనివారూ ఉన్నారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో అమెరికాలో కేథలిక్ ఆన్సర్స్ అనే సంస్థ ‘ఫాదర్ జస్టిన్’ పేరుతో మాట్లాడే యంత్ర గురువును నిలబెట్టింది. అది పాపాల ఒప్పుకోలు వినేసి క్షమాపణ ప్రకటించేసింది. గేటరేడ్ అనే కూల్‌డ్రింకుతో పసిబిడ్డకు బాప్తిస్మం ఇవ్వవచ్చనీ చెప్పింది. కొద్ది రోజుల్లోనే గురువు దుస్తులు విప్పించి ఉత్త ‘జస్టిన్’ను చేశారు.

అంతమాత్రాన కృత్రిమ మేధకు సంఘంలో చోటు లేదనలేం. రికార్డయిన వాక్యాన్ని అక్షరాల్లో పెట్టడం, అమెరికాలో పుట్టిన మనవళ్ల కోసం ఇంగ్లిష్‌లోకి చిత్తుగా మార్చి పెద్దవాళ్లతో దిద్దించడం, కానుకల పద్దులు తేల్చడం, ఆరాధన క్రమపత్రం తయారుచేయడం దానికి అప్పగించవచ్చు. మంచం పట్టిన మనిషి పక్కన కూర్చోవడం అప్పగించకూడదు. కాబట్టి సంఘ కమిటీ ఈసారి బడ్జెట్ రాసేటప్పుడు పరికరాల జాబితా కంటే ముందు ఒక పేర్ల జాబితా రాయాలి: సరిగా వినపడనివారు, చదవలేనివారు, మంచాన ఉన్నవారు, గల్ఫ్‌లో ఉన్నవారు. ఏ యంత్రం కొన్నా ఆ జాబితాలో ఎవరికి పనికొస్తుందో పక్కన రాయాలి. క్రమపత్రం, పద్దుల పని తగ్గి పాస్టరుగారికి శనివారం రెండు గంటలు మిగిలితే, ఆ రెండు గంటల్లో ఏ వీధిలో ఎవరింటికి వెళ్లాలో కూడా అదే కాగితం మీద ఉండాలి.