మా ఇంటికి బేరం లేదు

పాత ఇల్లు అమ్మి కొత్త ఇల్లు కొనుక్కోవడం మామూలు సంగతన్నట్టు మాట్లాడతరు. పాత బండి ఇచ్చి కొత్త బండి తెచ్చుకున్నంత సులువంట. ఉన్న ఇంటికి ఇంత అని ధర కడతరు, తక్కువపడ్డది బ్యాంకోళ్లు అప్పిస్తరు, ఇంకో మెట్టు ఎక్కుతరు. హుజూర్‌నగర్‌లో నాతో పనిచేసేటోళ్లు చానామంది అట్లనే ఎక్కిండ్రు. తాత పెంకుటిల్లు అమ్మితే తండ్రికి డాబా వచ్చింది. తండ్రి డాబా అమ్మితే కొడుక్కి హైదరాబాదుల ఫ్లాటు వచ్చింది. మూడు తరాలకు మూడు మెట్లు. దీన్ని కష్టార్జితం అంటరు. కష్టం ఎవరు పడలేదు? కష్టానికి ధర ఎవరికి దొరికిందన్నదే అసలు సంగతి.

మా ఇల్లు మాదిగవాడల ఉంది. 1980లల్ల రామారావు సర్కారు ఉన్నప్పుడు వచ్చిన జాగ. మా అయ్య మేళ్లచెరువు దిక్కు సున్నపురాయి క్వారీల పనిచేసి, పైస పైస కూడబెట్టి గోడలు లేపిండు. మా అమ్మ సాగర్ ఎడమకాల్వ కింద నాట్లేసి, కోతలు కోసి, రెండు తలుపులు పెట్టించింది. మా దిక్కు సున్నపురాయితో అయ్యే సిమెంటు దేశమంత స్లాబులు పోసింది. మా నెత్తిమీద మటుకు చాన ఏండ్లు రేకులే. అయినా అది ఇల్లు. ఇద్దరు మనుషుల జీవితకాలపు చాకిరి అందుల ఉంది.

కొన్నేండ్ల కింద ఆ ఇల్లు అమ్మి టౌనుల రెండర్రల ఇల్లు కొందామని బ్రోకరును అడిగిన. ఎన్ని గజాలు, ఎన్ని అర్రలు అని అడగలే. "ఎక్కడ సార్?" అన్నడు. చెప్పిన. "అక్కడైతే మీవాళ్లే కొనాలె సార్" అన్నడు. తిట్టలే, కించపరచలే. సార్ అనే అన్నడు. వానికి తెలిసిన మార్కెట్ మాట చెప్పిండు.

మావాళ్లే కొనాలంటే ఎవరు కొనాలె? మావాళ్లు కూలోళ్లు. కొనే శక్తి ఉన్నోడు వాడలకు రాడు. వాడలకు వచ్చేటోనికి కొనే శక్తి లేదు. ఇంక ధర ఎట్ల పెరుగుతది? రోడ్డుకు అవతల గజానికి పలికే ధరల మూడోవంతు కూడ ఇవతల పలకదు. అదే మట్టి, అదే కరెంటు తీగ, అదే నల్లా నీళ్లు. నడుమ ఉన్నది రోడ్డు గాదు, కులం. మనిషిని ముట్టుకోనోడు మనిషి ఇంటిని ముట్టుకుంటడా? అంటరానితనం పోయిందనేటోళ్లు మాదిగవాడల ఒక ఇల్లు బేరం చేసి చూడాలె.

బేరం అటుంచి, కాగితం సంగతి చూడండ్రి. సర్కారు పేదలకిచ్చిన భూమిని అమ్మరాదు, కొనరాదని 1977ల చట్టం చేసిండ్రు. మా ఇంటిజాగ పట్టా మీద కూడ అదే షరతు: పిల్లలు అనుభవించొచ్చు, అమ్మరాదు. ఒక బ్యాంకుకు పోతే, దీని మీద అప్పు పుట్టదన్నరు. నేను ఆ చట్టాన్ని తీసెయ్యమంటలేను. సాగుభూమికి ఆ చట్టం లేకపోతే దొరలు ఎప్పుడో ఒక సీసా సార పోసి మా వేలిముద్రలు తీసుకుందురు. కని దొరకు అడ్డం పెట్టిన గొళ్లెం మా ఇంటి తలుపుకే పడితే ఎట్ల? పక్క ఆంధ్రప్రదేశ్‌ల 2019ల చట్టం సవరించి, ఇంటిజాగలైతే కొన్నేండ్లు దాటినంక అమ్ముకునే వీలు పెట్టిండ్రు. అంటే సాగుభూమిని ఒక తీరు, ఇంటిజాగను ఒక తీరు చూడొచ్చన్నట్టే గదా.

"సర్కారు కొత్త ఇండ్లు ఇస్తనే ఉన్నది గదా, ఇంకేం కావాలె?" అంటరు. ఇస్తది. 2006ల ఇందిరమ్మ ఇండ్లన్నరు. 2015ల 560 చదరపుటడుగుల డబుల్ బెడ్‌రూమన్నరు. 2024 మార్చిల మళ్ల ఇందిరమ్మ పేరు మీదనే ఐదు లక్షలన్నరు. వద్దంటలేను. కని ఐదు లక్షలు రావాలంటే సొంత జాగల కట్టుకోవాలె. మా వాడల ఖాళీ జాగ ఏడిది? పాతది కూలగొట్టాలె. కూలగొట్టిన్నాడే మా అయ్య గోడల విలువ సున్న. బిల్లు ఒక్కసారి రాదు, పునాదికి కొంత, గోడలకు కొంత. అప్పటిదాక వడ్డీకి తేవాలె, టార్పాలిన్ కింద పండాలె. 2006 ఇండ్లప్పుడు పాతది కూలగొట్టుకొని, కొత్తది లేవక, మొండిగోడల నడుమ వానకు తడిసినోళ్లను మా వాడలనే చూసిన. వేరేటోళ్ల పాత ఇల్లు కొత్త ఇంటికి పెట్టుబడి. మా పాత ఇల్లు ఒట్టి మట్టికుప్ప. అందుకే మాకు ప్రతి తరం మొదటి మెట్టే.

కొత్త కాలనీ కట్టినా, అది ఎక్కడ? ఊరవతల, చెరువు కట్ట కింద, వల్లకాటి పక్కన. బోర్డు మీద అంబేడ్కర్ పేరు. అంబేడ్కరే వేరు ఊర్లు అడిగిండు గదా అని కొందరు తెలివిగ అంటరు. 1947ల 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'ల ఆయన అడిగింది సాగుభూమితో కూడిన ఊర్లు, అగ్రకులాల మీద ఆధారపడకుండ బతికే ఊర్లు. ఊరికి చాకిరి చేసేటందుకు అందుబాటుల ఉండే అంచు వాడ గాదు. విదేశాల చదువుకొని వచ్చి, బరోడా సంస్థానంల పెద్ద ఉద్యోగంల ఉన్నా, తలదాచుకున్న పార్సీ సత్రం నుంచి కర్రలు పట్టుకొని ఆయన్ను వెళ్లగొట్టిండ్రు. జీతం ఉంటే ఇల్లు దొరుకుతదనేటోళ్లు ఆ సంగతి యాది చేసుకోవాలె.

మేం దానం అడుగుతలేం. ఏండ్ల తరబడి కాపురమున్న ఇంటిజాగ మీద ఆడమనిషి పేరున పూర్తి హక్కు రాసియ్యండి. బ్యాంకోళ్లు గోడను చూసి ధర కట్టాలె, వాడను చూసి కాదు. సర్కారు జాగలిస్తే ఊరి నడుమ, అందరి ఇండ్ల సందున ఇయ్యాలె. ఎస్సీ కాలనీ అని ఇంకొకటి కట్టుడు బందు పెట్టాలె.

కొత్త ఇండ్ల బొమ్మలు పట్టుకొని ఓట్లకొచ్చేటోళ్లారా, మీ కొత్త ఇంటి సంగతి తర్వాత చూద్దాం. ముందుగాల మా పాత ఇంటికి ధర కట్టుండ్రి.