ఆరోగ్య శీర్షిక : వినికిడి తగ్గితే మతిమరుపు ముప్పు

పదవీ విరమణ చేసిన పెద్దలలో మతిమరుపు కనిపించగానే, వయసు ధర్మమని సరిపెట్టుకొనడం మనకు పరిపాటి. అది సరికాదని మా మనవి. బి12 విటమిన్, థైరాయిడ్ లోపాల వలన కలిగే మతిమరుపు సకాల చికిత్సతో తగ్గవచ్చును. కనుక ముందుగా వైద్యుని సంప్రదించాలి.

సవరించుకోదగిన 14 కారణాలపై శ్రద్ధ వహిస్తే డిమెన్షియా కేసులలో దాదాపు 45 శాతాన్ని నివారించడమో, వాయిదా వేయడమో సాధ్యం కావచ్చునని 2024లో లాన్సెట్ కమిషన్ నివేదిక పేర్కొన్నది. రక్తపోటు, మధుమేహం, ధూమపానం, ఒంటరితనం వాటిలోనివే. కాగా, కర్మాగార ఉద్యోగులమైన మనం ముఖ్యంగా గమనించవలసినది వినికిడి లోపం.

టర్బైన్లు, కంప్రెసర్ల హోరుకు ఏళ్ల తరబడి గురైతే లోచెవిలోని సూక్ష్మకణాలు నశిస్తాయి. అవి తిరిగి మొలకెత్తవు. మాట వినబడని మనిషి క్రమంగా నలుగురిలో కూర్చోవడం మానుకుంటాడు. ఇంటివారూ "తాతగారికి వినబడదులే" అని పలకరింపు తగ్గిస్తారు. మెదడుకు మేత కరువయ్యేది అక్కడే.

కావున సర్వీసులో ఉన్నవారు ఇయర్ మఫ్‌లు తప్పక ధరించాలి. విరమణ చేసినవారు ఆడియోమెట్రీ పరీక్ష చేయించుకుని, వైద్యులు సూచిస్తే వినికిడి యంత్రం వాడాలి. కళ్లజోడుకు లేని నామోషీ దీనికెందుకు? వారానికి 150 నిమిషాల చురుకైన నడక, చాలినంత నిద్ర, మితాహారం అవసరమే. వాటితోపాటు, కుటుంబ సభ్యులారా, పెద్దలకు ఎదురుగా కూర్చుని, నిదానంగా, స్పష్టంగా నాలుగు మాటలు మాట్లాడండి. ఖర్చులేని ఔషధమిది.